ఫోన్‌పేలో వచ్చే టిప్పులకు పన్ను కట్టాలా?

తమ్ముడూ, కడప హోటల్లో నీ జీతం 14 వేలు, టిప్పులు నెలకు ఐదు వేల దాకా, అవీ ఫోన్‌పేలోనే అన్నావు. నోటీసు వస్తుందని మీ బావ భయపెట్టాడన్నావు. టెన్షన్ పడొద్దు.

టిప్పు కూడా ఆదాయమే, సోంపు ప్లేటు కింద పెట్టిన పది నోటైనా, ఫోన్‌లో వచ్చిందైనా. కానీ కస్టమర్ ఇష్టంగా ఇచ్చేది జీతం కాదని, యజమాని దాని మీద టీడీఎస్ (డబ్బు ఇచ్చే ముందే కోసుకునే పన్ను) పట్టనక్కర్లేదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. రిటర్న్ వేస్తే ‘ఇతర ఆదాయం’ కింద చూపిస్తావు, అంతే.

ఇప్పుడు నీ లెక్క. జీతం 1,68,000, టిప్పులు 60,000, మొత్తం 2,28,000. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. ఆ పైన కూడా 12 లక్షల వరకు రిబేటుతో (పన్నులో ఇచ్చే తగ్గింపుతో) పన్ను సున్నా అవుతుంది. మీ బావకు ఈ లెక్క చూపించు!

బిల్లులో సర్వీస్ ఛార్జి వేస్తున్నారని కూడా రాశావు. అది వేరే సంగతి. కస్టమర్ వద్దంటే తీసేయాల్సిందే. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా బలవంతంగా వసూలు చేయకూడదంది. నేను సప్లయర్‌గా ఉన్నప్పుడు ఆ డబ్బు గల్లా దాటి మా దాకా ఒక్కసారీ రాలేదు. మీకు పంచుతున్నారో లేదో అడుగు.