బ్యాటరీ సైకిల్‌కు ఇన్సూరెన్స్ తప్పనిసరి చేయాలా?

అడిగిన ప్రశ్న: "అన్నా, మా నాయనకు బ్యాటరీ సైకిల్ కొనిస్తిమి. కర్నూల్లో సీ క్యాంపు నుంచి వన్‌టౌన్‌కు రోజూ దాని మీదనే పోతాండాడు. బండ్ల మాదిరి దీనికీ ఇన్సూరెన్స్ కట్టల్లనా? కట్టాలని రూలు పెడితే మంచిదేనా?"

కట్టనక్కర్లేదు. కట్టాలని రూలు పెట్టడం కూడా నా లెక్కలో దండగే. కాకుంటే ఇది కంపెనీ నుంచి ఎట్లా వచ్చిందో అట్లే ఉన్న సైకిల్‌కు చెప్పే మాట.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండి తీరాలన్నది మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్. అది మోటారు వాహనాలకే. ఏది మోటారు వాహనం కాదో 1989 నాటి కేంద్ర నియమావళిలో 2(యు) రూలు చెప్తుంది: మోటారు 30 నిమిషాల పవర్ 250 వాట్లకు లోపు, స్పీడు గంటకు 25 కిలోమీటర్లకు లోపు ఉండాలి. తొక్కితే సాయం చేసే రకమైతే 25కు చేరేసరికి ఆ సాయం తగ్గుతూ వచ్చి ఆగిపోవాలి, తొక్కడం ఆపినా ఆగాలి. సరైన బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్రది ఉండాలి. ఇవన్నీ ఉన్నాయని పుణేలోని ఏఆర్ఏఐ లాంటి టెస్టింగ్ ఏజెన్సీ ధ్రువీకరించాలి. జనం 250, 25 అనే అంకెలు గుర్తుపెట్టుకుని ఈ ఆఖరి షరతు మరిచిపోతారు. బిల్లుతో పాటు ఆ మోడల్ సర్టిఫికెట్ కాపీ షాపులో అడిగి తీసుకోండి.

36 వోల్టుల బ్యాటరీ, మోటారుకు కరెంటు పంపే 15 ఆంప్స్ కంట్రోలర్ అంటే 540 వాట్లు కదా, రూలు దాటినట్టేనా అని కొందరికి అనుమానం. కాదు. అది ఎత్తు ఎక్కేటప్పుడు కాసేపు లాగే కరెంటు. రూలు అడిగేది అరగంట నిలకడగా ఇచ్చే పవర్.

అసలు తంటా మెకానిక్ దగ్గర మొదలవుతుంది. కంట్రోలర్ నుంచి వచ్చే స్పీడ్ లిమిట్ వైరు విప్పేస్తారు. లేదా 36 వోల్టుల బ్యాటరీ తీసి 48ది పెడతారు. మోటారు తిరుగుడు వోల్టేజీని బట్టి పెరుగుతుంది కాబట్టి 25 పోయేది 33 దాకా పోతుంది. పాత సైకిల్‌కు 750 వాట్ల కిట్ బిగించేవాళ్లు ఇంకో రకం. మీ సైకిల్ ఎంత పోతోందో చూడాలంటే స్టాండ్ వేసి చక్రం తిప్పి చూడొద్దు, బరువు లేనప్పుడు ఎక్కువ చూపిస్తుంది. చదునైన రోడ్డు మీద ఫోన్ జీపీఎస్‌తో పోను ఒకసారి, రాను ఒకసారి చూసి సగటు తీయండి. గాలి తేడా పోతుంది.

ఇట్లా మార్చిన క్షణం నుంచి అది మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్ లేనందుకు 5,000 దాకా, లైసెన్సు లేకుంటే 5,000, ఇన్సూరెన్స్ లేనందుకు 2,000 జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు. సరే, ఇన్సూరెన్స్ కట్టేద్దామంటే కుదరదు. మార్చిన సైకిల్‌కు టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌ను పరీక్షించి ఇచ్చే ఆమోదం) లేదు కాబట్టి ఆర్టీవో ఆఫీసులో ఆర్సీ రాదు, ఆర్సీ లేకుంటే పాలసీ రాదు. 2022 రేట్ల ప్రకారం 3 కిలోవాట్ల లోపు ఎలక్ట్రిక్ బండికి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 457 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అడ్డం డబ్బు కాదు, కాగితం.

మార్చని సైకిల్‌కు ఎందుకు వద్దంటున్నానంటే, మనిషి, సైకిల్ కలిపి 87 కిలోలు అనుకుంటే 25 స్పీడులో దెబ్బలో ఉండే శక్తి సుమారు 2,100 జౌళ్లు. గట్టిగా తొక్కే కుర్రోడి మామూలు సైకిల్‌కూ అంతే. అదే 40కి పోతే దాదాపు 5,400 అవుతుంది. పైగా ఇన్సూరెన్స్ అంటే నంబరు ప్లేటు, దాని వెనకే రిజిస్ట్రేషన్. అదంతా పెట్టుకునే బదులు మీ నాయన సైకిల్ అమ్మేసి టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్ కొనుక్కోవడమే మేలనిపిస్తుంది. యూరప్‌లోనూ 2023 అక్టోబరులో బెల్జియం కేసులో యూరోపియన్ యూనియన్ కోర్టు, కేవలం యంత్రబలంతోనే నడవని ఈ-సైకిల్ తప్పనిసరి మోటారు ఇన్సూరెన్స్ కిందకు రాదని తేల్చింది.

దీంట్లో ఒక లోటు మాత్రం ఉంది, దాచను. సైకిల్ తగిలి ఎవరికైనా కాలు విరిగితే వాళ్లకు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ దారి లేదు, సివిల్ కోర్టులో దావా వేయాలి. సైకిల్ తొక్కినాయన మీద నిర్లక్ష్యంగా నడిపాడని భారతీయ న్యాయ సంహిత 125, 281 సెక్షన్ల కింద కేసు పడొచ్చు, ఖర్చు జేబులోంచే. మీ నాయననే కారు గుద్దితే దారి వేరు: ఎఫ్ఐఆర్ చేయించి ఆరు నెలల్లోపు ట్రిబ్యునల్‌లో క్లెయిం వేయండి, కారు ఇన్సూరెన్స్ చెల్లిస్తుంది. సైకిల్ మార్పించి ఉంటే అవతలి వకీలుకు వాదన మీరే అందించినట్టు. బిల్లు, సర్టిఫికెట్ పారేయొద్దనేది అందుకే.

ఆయన వయసు 70 లోపు ఉంటే బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్పించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే ఇంట్లోవాళ్లకు 2 లక్షలు. ఆయన తగిలిన మనిషికి మాత్రం ఇది ఒక్క రూపాయి ఇవ్వదు. జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క, మే నెలాఖరుకు ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేలా చూసుకోండి.