కడపలో మిల్లెట్ అంగడి నడుస్తుందా? అనంతపురం కిరాణా గల్లా దగ్గర్నుంచి ఒక జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బెంగళూరు ఉద్యోగం వదిలేసి కడపలో చిరుధాన్యాలు, గానుగ నూనె, ఆర్గానిక్ సరుకుల అంగడి పెట్టాలనుకుంటున్నారు. మన సీమ ఊళ్లలో జనం ఆరోగ్యం కోసం నిజంగా డబ్బు పెడతారా, లేక ఇదంతా ఫోన్లలో కనిపించే హడావుడేనా అని అడిగారు.

పెడతారు. అందులో అనుమానం అక్కర్లేదు. ఎందుకు పెడతారో, ఎన్నాళ్లు పెడతారో తెలుసుకోకుండా దిగితే మాత్రం అద్దె కూడా మిగలదు. నేను అనంతపురం పాతూరులో 24 ఏళ్లుగా కిరాణా అంగడి నడుపుతున్నా. 2018లో మీలాగే ఆశపడి, ఒక గోడంతా ఖాళీ చేయించి, పైన ‘ఆరోగ్య సరుకులు’ అని రాయించి అరలు కొట్టించాను. ఇప్పుడు ఆ గోడలో రెండు అరలే మిగిలాయి. మిగతా వాటిలోకి మళ్లీ సబ్బులు, అగరుబత్తీలు వచ్చి కూర్చున్నాయి.

మా అంగట్లో నెల ఖాతా పెట్టుకున్న ఇళ్లు కొన్ని ఉన్నాయి. పాత పద్దు పుస్తకాలు పారేయడం నాకు ఇష్టం ఉండదు. అటక మీద ఉంటాయి. మీ ప్రశ్న చూశాక ఒక రిటైర్డ్ టీచరు గారింటి పద్దు తీసి చూశాను. 2008లో ఇంట్లో ఐదుగురు. బియ్యం, కందిబేళ్లు, చక్కెర నాలుగు కిలోలు, నూనె నాలుగు లీటర్లు, ఇంకా మామూలు సామాను. ఇప్పుడు ఇంట్లో ఇద్దరే. చక్కెర మూడు కిలోలు, నూనె అదే నాలుగు లీటర్లు. దాని కింద కొత్తగా ఓట్స్, గ్రీన్ టీ, అవిసె గింజలు, చియా గింజలు, తేనె, రాగి బిస్కెట్లు. కొత్తవి ఇన్ని చేరాయి, పాతదాంట్లో కొట్టేసింది ఒక్కటీ లేదు. మన దగ్గర ఆరోగ్యం అంటే చీటీ చివర కలిపే సరుకు. నేను అమ్ముకునేవాణ్ణి కాబట్టి నాకు లాభమే, కానీ మీరు నిజం అడిగారు కదా.

ఆ చివర కలిపేది ఏమిటన్నది ఏ ఏడాది ఎవరి మాట నడుస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. అన్నం మానేసి కొవ్వు ఎక్కువ తినమనే వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ ఊపు మీదున్నప్పుడు రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోవాలని కొబ్బరినూనె కోసం ఎగబడ్డారు. తలకు రాసుకునేది కాదు, వంటది కావాలి అని పట్టుబట్టి అడిగేవాళ్లు. నేను వెనకాముందూ చూడకుండా డబ్బాలు దించాను. నాలుగు నెలలు తిరిగేసరికి అడిగేవాడు లేడు. మిగిలిన డబ్బాల్లోంచి మా ఇంట్లో ఏడాది పాటు తాళింపు వేసుకున్నాం. ఆ తర్వాత చిరుధాన్యాలే తినమనే ఖాదర్ వలి గారి మాట వచ్చింది. ఆయన పుట్టింది మీ జిల్లా ప్రొద్దుటూరులోనే, 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. అప్పుడు కొర్రలు, సామలు, అరికలు, ఊదలు, అండుకొర్రలు ఐదూ కావాలన్నారు. నిజం చెప్తున్నా, అండుకొర్రలు అనే మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను. మధ్యలో కరోనా వచ్చి శొంఠి, మిరియాలు, తిప్పతీగ పొడి నడిపించి పోయింది.

కొర్రల సంగతి మాత్రం వేరు. అది మనకు కొత్త తిండి కాదు. మా తాత కాలంలో ఈ ప్రాంతంలో కొర్రలు, సజ్జలు, జొన్నలే తిండి. తర్వాత చేన్లన్నీ వేరుశనగ అయ్యాయి, 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది, కొర్రన్నం తినేవాళ్లంటే బియ్యం కొనలేనివాళ్లు అనే పేరు పడిపోయింది. మా అరలో అరకిలో కొర్రల ప్యాకెట్ ధర చూసి శింగనమల వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె పకపకా నవ్వింది. “ఏమప్పా, దీన్ని తినలేకే గదా నేను పుట్టింట్లో ఏడ్చింది” అంది. అంతలోనే పక్కనున్న కోడలు ఆ ప్యాకెట్ తీసి సంచిలో వేసుకుంది. మీ కస్టమర్లు వీళ్లిద్దరూను. అత్తకు అది లేమి, కోడలికి అది స్టేటస్. పెళ్లిభోజనాల్లో, హైవే హోటళ్లలో నాటుకోడి పులుసుతో సంగటి ఎగబడి తింటారు. అదే సంగటి మామూలు బుధవారం నాడు చుట్టాలొస్తే పెట్టడానికి ఇప్పటికీ మొహమాటపడతారు.

ఇక ఎవరు కొంటారు? జిమ్ముకెళ్లే పిల్లలు అనుకోకండి, వాళ్లు ప్రోటీన్ డబ్బాలు ఆన్‌లైన్లో తెప్పించుకుంటారు. మన గిరాకీ ల్యాబ్ రిపోర్టు చేత పట్టుకుని వచ్చే మనిషి. షుగర్ బయటపడిన వారం అతను ధర అడగడు. రెండో నెల బేరం చేస్తాడు. మూడో నెల రాడు. నేను మొదట ఇది ధర గొడవ అనుకున్నా. రేటు తగ్గించి చూశాను, తేడా రాలేదు.

అసలు కారణం మా ఆవిడ చెప్పింది. ‘రెండు వంటలు ఎవరు చేస్తారు?’ అంది. ఆయనకు కొర్రన్నం, పిల్లలకు సోనా బియ్యం, అత్తగారికి మెత్తగా సంగటి. పొద్దున ఏడుకు స్కూలు బస్సు. కొర్రలు కనీసం నాలుగైదు గంటలు నానాలి, ఆ నానబెట్టడం రాత్రి ఎవరికో ఒకరికి గుర్తుండాలి. మొదటి నెల భయంతో చేస్తారు. రెండో నెల వారానికి మూడు రోజులవుతుంది. తర్వాత డబ్బాకు పురుగు పడుతుంది, దాన్ని నా దగ్గరికే తెచ్చి ‘ఏమన్నా, ఇట్లాంటివి ఇస్తివే’ అంటారు. పాలిష్ పట్టని దానికి తవుడు ఉంటుంది, తవుడులో నూనె ఉంటుంది, మన ఎండలకు అది త్వరగా ముక్కిపోతుంది, పురుగూ త్వరగా పడుతుంది అని ఎంతమందికని చెప్పాలి? పురుగు పట్టని కొర్రలు కావాలంటే బాగా పాలిష్ పట్టి ఇవ్వాలి. అప్పుడు అవి కొర్రలన్న పేరుకే కొర్రలు. ఇల్లంతా ఒకే గిన్నెలో తినేలా మార్చుకున్నవాళ్లు, పూర్తిగా మార్చకపోయినా రాత్రిపూట ఒక్కటీ జొన్నరొట్టెకు మారినవాళ్లు, వాళ్లే నాకు ఏడేళ్లుగా నిలబడ్డ గిరాకీ. మొత్తం లెక్కేస్తే ఇరవై ఇళ్లు ఉండవు.

నా సంగతీ చెప్పాలి. 2019లో నాకూ షుగర్ తేలింది. మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 7.9 ఉంది. అది 6.5 దాటితే షుగర్ కిందే లెక్క. అమ్మేది నేనే కదా అని పొద్దున, సాయంత్రం గ్లాసెడు రాగిజావ మొదలుపెట్టాను, అందులో బెల్లం. చక్కెర కాదుగా, బెల్లమేగా అని ధైర్యం. నెల తర్వాత, తిన్నాక రెండు గంటలకు షుగర్ చూసుకుంటే 260. డాక్టరు నవ్వి, రాగులు మంచివే, మెత్తటి పిండిని జావ కాస్తే నేరుగా రక్తంలోకే పోతుందయ్యా అన్నారు. కొర్రల్లో కూడా 100 గ్రాములకు 60 గ్రాముల పైన పిండిపదార్థమే, పీచు ఎక్కువ కాబట్టి నిదానంగా అరుగుతుంది, అంతే. ఎంత తింటే అంత మంచిదని కాదు. నాకు అసలు దెబ్బ టీ దగ్గర ఉంది. అంగట్లో రోజుకు ఆరు టీలు, రెండేసి చెంచాల చక్కెర. పన్నెండు చెంచాలంటే 50 గ్రాముల దాకా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజంతటికీ 25 గ్రాములు దాటొద్దన్నారు. ఆరు టీలు రెండయ్యాయి, సంగటి ముద్ద సగమై పక్కన ఆకుకూర పప్పు పెరిగింది. మాత్ర మాత్రం ఇప్పటికీ వేసుకుంటున్నా. ఆ ఏడాది మా ఇంటి సరుకుల ఖర్చు తగ్గింది. అంగడివాణ్ణి కదా, అది నాకే వింతగా అనిపించింది.

ఇలాంటిదే ‘షుగర్ బియ్యం’ తమాషా. రాజేంద్రనగర్‌లో తయారైన ఆర్‌ఎన్‌ఆర్ 15048 అనే సన్న రకం ఉంది, తెలంగాణ సోనా అంటారు. మామూలు బియ్యం కన్నా రక్తంలో చక్కెరను కాస్త నెమ్మదిగా పెంచుతుందని దానికి పేరు. మన ఊళ్లకు వచ్చేసరికి అది ‘షుగర్ లేని బియ్యం’ అయింది. ఒక పెద్దాయన నెలకు పది కిలోలు తీసుకునేవాడు, ఇది దొరికాక పదిహేను తీసుకుపోతున్నాడు. ఎందుకు సార్ అంటే, ‘ఇప్పుడు భయం లేదు గదా’ అన్నాడు.

నూనె దగ్గర మీకు లెక్క తెలిసి ఉండాలి, ఎందుకంటే నమ్మకం నిలబడేదీ పోయేదీ అక్కడే. కట్టె గానుగలో లీటరు నూనె రావాలంటే దాదాపు రెండున్నర కిలోల వేరుశనగ విత్తనాలు పోవాలి. మొన్న నేను కొన్నది కిలో 130 రూపాయలు. అంటే విత్తనాలకే 325. నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే కొంత వెనక్కి వస్తుంది, గానుగ కూలి, సీసా, బండి బాడుగకు అది సరిపోతుంది. మరి ‘ప్యూర్ గానుగ నూనె 220’ అని బోర్డు పెట్టినవాడు ఏం పోస్తున్నాడో మీరే ఆలోచించండి. నాకూ ఒకడు అలాంటివి రెండు క్యాన్లు అంటగట్టాడు. వేడి చేస్తే వేరుశనగ వాసనే లేదు. వేరుశనగ పండించే ఊరివాళ్లం, వాసన మాకు తెలీదా? ఒకే ఒక ఖాతాదారు ఇంటికి వెళ్లిందది. ఆవిడ ఇప్పటికీ నూనె నా దగ్గర కొనదు.

ప్యాకెట్ల మీద మాటల గురించి ఎక్కువ చెప్పను. వెనక పదార్థాల వరుస చూడండి, బరువులో ఎక్కువున్నది ముందు రాయాలి. రాగి బిస్కెట్ అని ముందు పెద్ద అక్షరాలుంటే వెనక మొదటి మాట మైదా ఉంటుంది చాలాసార్లు. వేసవిలో ఓఆర్‌ఎస్ పేరుతో వచ్చే తియ్యటి డబ్బాలు నేనూ ఏళ్ల తరబడి అమ్మాను. వాంతులు, విరేచనాలు అవుతున్న పిల్లలకని తల్లులు కొనేవాళ్లు. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉండాలి, వాటిలో దానికి ఎన్నో రెట్లు చక్కెర. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్లపాటు పోరాడాక 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ ఆ పేరు వాడొద్దని ఆదేశం ఇచ్చింది. తెలీక అమ్మాను అనేది నిజమే గానీ, ఆ తల్లుల మొహాలు గుర్తొస్తే సిగ్గుగానే ఉంటుంది.

ఇక మీ అంగడి. కోటిరెడ్డి సర్కిల్లో పెద్ద అద్దె పెట్టి అద్దాల షాపు తెరవాలని రాశారు, నాకు నచ్చలేదు. అద్దాలు చూసి మనవాళ్లు ధర ఎక్కువని బయటినుంచే పోతారు. ల్యాబులు, షుగర్ డాక్టర్లు ఉన్న వీధిలో చిన్నది చాలు. కిలో ప్యాకెట్లు పెట్టకండి, పావుకిలో పెట్టండి. ఒక్కసారి వండి చూసుకునేంత ఇస్తే పురుగు పట్టేదాకా ఉండదు, మళ్లీ వస్తారు. నానబెట్టిన కొర్రలు, రుబ్బిన జొన్నపిండి ముద్ద లాంటివి సాయంత్రం అమ్మగలిగితే ఆ రెండు వంటల బాధ సగం తీరుతుంది. నాకు ఓపిక చాలక చెయ్యలేదు, మీరు చిన్నవారు. చియా, క్వినోవా జోలికి మొదటి ఏడాది పోవద్దు. ఖాదర్ వలి గారి ఐదు రకాల పేర్లూ బోర్డు మీద పెట్టండి, సరుకు మాత్రం కొర్రలు, రాగులు, జొన్నలు మూడే ఎక్కువ తెచ్చుకోండి.

ఇంకొకటి. ఉగాదికి తెరుస్తానన్నారు. వద్దు. ఏప్రిల్ ఎండల్లో పాత సరుకుతో మొదలుపెడితే మొదటి గిరాకీకే పురుగు చూపిస్తారు. ఖరీఫ్ కొర్రలు కోతకొచ్చేది దసరా అటూ ఇటూ. కొత్త గింజ చేతికొచ్చాక దీపావళికి తెరవండి. నంద్యాల వైపు రైతుల దగ్గర నేరుగా తీసుకుంటే మధ్యవాడి కమీషన్ తగ్గుతుంది. అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఒక శనివారం అనంతపురం రండి. ఆ రెండు అరలు, అటక మీద పద్దులు చూపిస్తా. టీ కూడా తాగుదాం, ఆ రోజుకు నాకు అది రెండోది అయ్యేలా సాయంత్రం రండి.