కెప్టెన్ నేరుగా పైలట్‌కే చెప్పొచ్చు కదా, మధ్యలో ఇంకొకరు ఎందుకు?

స్టార్ ట్రెక్ లాంటి అంతరిక్ష ఓడల సీరియల్స్‌లో కెప్టెన్ తన పక్కనున్న ఫస్ట్ ఆఫీసర్‌కి, అంటే తన తర్వాతి స్థానంలో ఉన్నవాడికి, ఒక మాట చెప్తాడు, ఆయన అదే మాట ఎదురుగా కూర్చున్న పైలట్‌కి చెప్తాడు. పైలట్‌కి మొదటిసారే వినపడింది కదా, ఇదంతా డైలాగుల కోసమేనా అని అడిగారు.

కొంత డైలాగుల కోసమే, కాదనను. 1966లో వచ్చిన మొదటి సీరియల్‌లో కెప్టెన్ కర్క్ చాలాసార్లు పైలట్ సులూకి నేరుగానే చెప్పేవాడు. 1987లో మొదలైన నెక్స్ట్ జనరేషన్‌లో కెప్టెన్ పికార్డ్ ఓడలోనే ఉంటాడు, బయటి మిషన్లకి ఫస్ట్ ఆఫీసర్ రైకర్ వెళ్తాడు. అంతమంది నటులకి తలా ఒక మాట పంచాలి. పైగా ఓడ ఎటు తిరిగిందో చూసేవాళ్లకి తెలియాలంటే ఎవరో ఒకరు నోటితో చెప్పక తప్పదు.

కానీ మొత్తం నాటకమే అంటే ఒప్పుకోను. నేను సికింద్రాబాద్ డివిజన్‌లో స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మల్కాజ్‌గిరిలో మా అబ్బాయి పెట్టిచ్చిన ఓటీటీలో ఇవన్నీ చూస్తున్నాను. మా దగ్గరా ఇదే పద్ధతి. ఏ బండిని ముందు వదలాలి, దేన్ని పక్క లైన్‌లో, అంటే లూప్‌లో పెట్టాలి అనేది సెక్షన్ కంట్రోలర్ చెప్తాడు. ఆయన చెప్పేది స్టేషన్ మాస్టర్‌కి. పట్టాల దగ్గర పనిచేసే పాయింట్స్‌మన్‌కి చెప్పేది స్టేషన్ మాస్టర్ ఒక్కడే.

ఒకసారి వర్షంలో పాయింట్, అంటే బండిని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మళ్లించే చోటు, ఫెయిలైంది. అలాంటప్పుడు పాయింట్స్‌మన్ పట్టాల దగ్గరికి వెళ్లి, క్రాంక్ హ్యాండిల్‌తో పాయింట్ తిప్పి, క్లాంప్ బిగించి తాళం వెయ్యాలి. ఆ టైముకి ప్లాట్‌ఫారం మీద ఒక పెద్ద ఆఫీసర్ ఉన్నారు, బండి లేటవుతోందని ఆయనకి టెన్షన్. "నిలబడ్డావేంటి, వెళ్లి క్లాంప్ వెయ్" అన్నారు. మావాడు కదల్లేదు. "మాస్టర్ గారు చెప్పాలి సార్" అని నా వైపు చూశాడు. ఆఫీసర్ ముఖం ఎర్రబడింది గానీ ఇంకేమీ అనలేదు. నేను "పదకొండో నంబర్, రివర్స్" అన్నాను. (నార్మల్ అంటే పాయింట్ మామూలుగా ఉండే వైపు, రివర్స్ అంటే రెండో వైపు.) వాడు "పదకొండు, నార్మల్" అని తిరిగి చెప్పాడు. వాన హోరులో అలా వినపడింది వాడికి. "నార్మల్ కాదురా, రివర్స్" అన్నాను. "పదకొండు, రివర్స్" అని చెప్పాకే గొడుగు తీసుకుని వెళ్లాడు.

ఆఫీసర్ చెప్పింది తప్పని కాదు. చేసేవాడికి ఒక్క గొంతే వినపడాలి. పెళ్లింట్లో వంటవాడికి పెళ్లికొడుకు బాబాయి ఒకటి, మేనత్త ఒకటి చెప్తే సాంబారు ఏమవుతుందో మీకు తెలుసు. అమెరికా నేవీలోనూ ఓడ నడిపే ఆజ్ఞలిచ్చే అధికారం ఒక సమయంలో ఒక్క ఆఫీసర్‌దే. కెప్టెన్ కల్పించుకుని చుక్కాని పట్టినవాడికి నేరుగా ఒక ఆజ్ఞ ఇస్తే, ఆ క్షణం నుంచి ఆ బాధ్యత కెప్టెన్ మీదికి వచ్చినట్టే లెక్క. పికార్డ్ రైకర్ ద్వారా చెప్పించడం ఈ లెక్కలో చూస్తే వింతగా ఉండదు.

సీరియల్స్‌లో లోపం వేరే చోట ఉంది. మాట కిందికి వెళ్తుంది, పైకి తిరిగి రాదు. నిజం ఓడల్లో చుక్కాని పట్టినవాడు విన్నది విన్నట్టు తిరిగి చెప్తాడు. స్టార్ ట్రెక్‌లో "ఎస్ సర్" అని మీటలు నొక్కేస్తారు. ఏం విన్నాడో ఎవరికి తెలుసు? మాకైతే వట్టి "ఎస్ సర్" ఒప్పుకోరు. గేటు వేశానని గేట్‌మన్ ఫోన్‌లో చెప్తే చాలదు, ప్రైవేట్ నంబర్ ఇవ్వాలి. అతని దగ్గర వరుస తప్పిన అంకెల షీట్ ఉంటుంది. అందులో తర్వాతి అంకె చెప్పి, దాన్ని కొట్టేస్తాడు. నేను ఆ అంకెని రాసుకుంటాను. రేపు ఏదైనా జరిగితే ఎవరు ఏం చెప్పారో కాగితం మీద ఉంటుంది.

మధ్యవాడు వట్టి గొట్టం కాదని చూపించినది 1992 డిసెంబర్‌లో వచ్చిన 'చైన్ ఆఫ్ కమాండ్' అనే రెండు భాగాల ఎపిసోడ్. పికార్డ్ స్థానంలో జెలికో అనే కొత్త కెప్టెన్ వస్తాడు. మూడు షిఫ్టులని నాలుగు చెయ్యమని రైకర్‌కి చెప్తాడు. (రోస్టర్ మార్చడం ఎంత గొడవో రైల్వేవాళ్లని అడగండి.) తర్వాత అడిగితే, డిపార్ట్‌మెంట్ హెడ్స్ ఇబ్బంది అంటున్నారని రైకర్ నసుగుతాడు. అంటే మార్చలేదు, మార్చలేదని తనంతట తాను చెప్పనూ లేదు. చూసేవాళ్లలో చాలామంది రైకర్ పక్షం. నేను జెలికో పక్షం. ఇబ్బంది ఉంటే ఆ పూటే వెనక్కి వచ్చి చెప్పాలి, అప్పుడు కెప్టెన్ కాదంటే కాదంటాడు. ఆజ్ఞ దగ్గర పెట్టుకుని కూర్చుంటే కెప్టెన్ ఒక ఓడ ఉందనుకుంటాడు, నిజంగా ఉండేది ఇంకో ఓడ. జెలికో మాట తీరు మాత్రం నాకూ నచ్చదు. రెండో భాగంలో రైకర్‌ని తప్పించి డేటా అనే ఇంకో ఆఫీసర్‌ని ఆ స్థానంలో కూర్చోబెడతాడు.

ఈ విషయంలో నాకు బాగా నచ్చింది బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా, 2003 మినీ సిరీస్, దాని తర్వాతి సీజన్లు. శత్రువులు చొరబడతారని కమాండర్ అడామా తన ఓడలో కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలపనివ్వడు. అందుకే అంతా వైరున్న ఫోన్లు, మనుషుల నోళ్లు. ఆ ఫోన్లు చూస్తే మా కంట్రోల్ ఫోనే గుర్తొచ్చింది. అందులో '33' అనే ఎపిసోడ్ తప్పకుండా చూడండి. ప్రతి 33 నిమిషాలకీ శత్రువులు వస్తారు, రోజుల తరబడి ఎవరికీ నిద్ర ఉండదు, అయినా ఆజ్ఞలు ఒకరి నుంచి ఒకరికి అందుతూనే ఉంటాయి. కంట్రోల్‌లో పనిచేసిన మిత్రుడొకడికి ఆ ఎపిసోడ్ చూడమని చెప్పాను. అంతా చూసి ఒకటే అడిగాడు: "వాళ్లకి రిలీవర్ రాలేదా?"