తోలడమా, నడపడమా? గుర్రాల లారీ సంగతి

సందేహం: గురువుగారికి నమస్కారం. బెంగళూరులో యలహంక దగ్గర మా కుటుంబం గుర్రపు స్వారీ నేర్పే బడి నడుపుతోంది. మా దగ్గర పనిచేసేవాళ్లలో చాలామంది హిందూపురం, మదనపల్లె వైపువాళ్లు. గుర్రాలను మైసూరుకు తీసుకువెళ్లే వాహనం నడపడానికి లైసెన్సు ఎలా తీసుకోవాలో వాళ్లకోసం తెలుగులో ఒక నోటీసు రాశాను. “అశ్వవాహక పేటికను నడుపుటకు అభ్యర్థి భారీ వాహన చోదక అనుజ్ఞాపత్రమును కలిగి ఉండవలెను” అని మొదలుపెట్టాను. పనివాళ్లు మాత్రం “గుర్రాల లారీ తోలేదానికి హెవీ లైసెన్సు” అంటున్నారు. ‘తోలడం’ మోటు మాట కాదా? ‘గుర్రాల లారీ’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: ముందు ఆ మొదటి వాక్యాన్ని చెరిపేయండమ్మా. తెలుగులో మనిషికి లైసెన్సు ఉంటుంది, మనిషి దాన్ని ‘కలిగి ఉండడు’. ఇల్లు ఉంది, పిల్లలు ఉన్నారు, ఓపిక ఉంది అనే జాతి మనది. ఈ ‘కలిగి ఉండవలెను’ ఇంగ్లీషు ఫారాల నుంచి దిగి, ఇప్పుడు బడి పుస్తకాల్లోకి కూడా వచ్చి కూర్చుంది. ‘చోదక అనుజ్ఞాపత్రము’ అంటే ఏమిటో మీ డ్రైవరు ఇంకొకరిని అడగాలి. ‘లైసెన్సు’ అని వందేళ్ల నాటి తెలుగు ముసలమ్మకు చెప్పినా తెలుస్తుంది.

గుర్రాల లారీకి ఢోకా లేదు. ఇసుక లారీ, టమాటా లారీ, గొర్రెల లారీ అన్నట్టే గుర్రాల లారీ. ‘గుర్రపు బండి’ అని మాత్రం రాయకండి. బండి ముందు జంతువు పేరు వస్తే ఆ జంతువు లాగుతుందని అర్థం: ఎద్దుల బండి, గుర్రపు బండి. లారీ ముందు వస్తే ఆ జంతువు అందులో ఎక్కుతుందని అర్థం. ఈ తేడా ఏ వ్యాకరణ సూత్రమూ చెప్పదు, వాడుక చెబుతుంది. ‘పేటిక’ నగలకు ఉంచుదాం.

ఇక అసలు ప్రశ్న. ‘నడుపు’ అనేది ‘నడుచు’కు ప్రేరణ రూపమని మీకు తెలుసు. తమిళులు బండిని ‘ఓట్టు’తారు, కన్నడిగులు ‘ఓడిసు’తారు. రెండింటిలోనూ ‘ఓడు’ అంటే పరుగెత్తడం. వాళ్లు బండిని పరుగెత్తిస్తే మనం నడిపిస్తున్నాం. మన ‘ఓడు’ పరాజయానికి పోయింది కనుక, బెంగళూరులో పెరిగిన పిల్లలు కన్నడ మాటను అలాగే దించితే ‘లారీని ఓడించాడు’ అవుతుంది!

మరి పరుగుకు మనకు సొంత ధాతువు లేదా అంటే, ఉంది. దానికి జరిగిన అన్యాయం చెప్పకుండా ఉండలేను. సుమతీ శతకంలో అందరికీ నోటికొచ్చిన కందం ఉంది: అక్కరకు రాని చుట్టము, మ్రొక్కిన వరమీని వేల్పు, ఆ తరువాత “మోహరమునఁ దా నెక్కినఁ బాఱని గుఱ్ఱము”. సంధిలో ‘ప’ను ‘బ’గా మార్చే సరళాదేశం వల్ల ‘బాఱని’ అయింది కానీ ధాతువు ‘పాఱు’, అంటే పరుగెత్తు. మోహరం అంటే తీర్చి నిలిపిన సేన. పత్రికల్లో ‘బలగాలను మోహరించారు’ అని రోజూ చదివే మాటే. యుద్ధం మొదలవుతున్న చోట, తాను ఎక్కిన తరువాత కదలని గుర్రం! రౌతు ప్రాణం దాని కాళ్ల మీద ఉంది. గుఱ్ఱానికీ పాఱుకూ రెండింటికీ పాత రాతలో ఉన్నది బండి ఱ. బండి చక్రంలా ఉంటుందని శకటరేఫ అన్న ఆ అక్షరాన్ని మనమే మూలకు నెట్టాం. కన్నడంలో ఇదే ధాతువు మొదటి పకారం హకారమై, పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు, ‘హారు’గా నిలిచింది. ఎగరడం, దూకడం అని అర్థం. మీరు వీధిలో రోజూ వింటూనే ఉంటారు. మనకు మాత్రం గుర్రం పారడం పోయి, కాలువలో నీళ్లు పారడం మిగిలింది. దొంగ ‘పారిపోయాడు’ అన్నప్పుడు పాత పరుగు కాస్త తొంగిచూస్తుంది. ఇంత మంచి మాట చేతిలో ఉండగా రేసుల వార్తల్లో ‘గుర్రం రన్ చేసింది’ అని రాస్తున్నారు.

ఇప్పుడు ‘తోలు’. వెనక నుంచి అదిలించి ముందుకు పంపడం దీని మూలార్థం: పశువులను తోలు, ఈగలను తోలు. బండి తోలడం అక్కడి నుంచే వచ్చింది. పొలానికి ఎరువు తోలడం, మట్టి తోలడం అన్నప్పుడు బరువు చేరవేయడం అనే అర్థమూ ఏర్పడింది. అందువల్ల ‘లారీ తోలడం’ మోటు కాదు, చక్కని పల్లె తెలుగు. అయితే ‘గుర్రాలను తోలడం’ అని మీ నోటీసులో రాస్తే చిక్కు వస్తుంది. లారీలో చేరవేయమన్నారా, వెనక నుంచి అదిలించమన్నారా? గుర్రాన్ని లారీ ఎక్కించేటప్పుడు తోలకూడదు, నడిపించాలి. పగ్గం పట్టినవాడు గుర్రం మెడ పక్కన నిలిచి, లారీకి ఆనించిన ఎక్కుడు పలక మీద తిన్నగా పైకి తీసుకుపోవాలి. నేరుగా వెనక నిలబడి అదిలిస్తే అది బెదిరి వెనక్కి వస్తుంది, లేదా పక్కకు తిరిగి పలక మీద నుంచి జారుతుంది, లేదా తన్నుతుంది. నడుపు, నడిపించు, తోలు: మూడూ ఒకటే అనుకునే అనువాదకుడి వల్ల ఇక్కడ మనిషి కాలు విరుగుతుంది.

‘హెవీ లైసెన్సు’ మాట వాడుకలో ఉన్నదే, ఉంచండి. కానీ ప్రతి గుర్రాల లారీకీ అది కావాలని రాయడం తప్పు. 1988 మోటారు వాహనాల చట్టంలో ‘సరుకు’ నిర్వచనంలో పశువులూ చేరతాయి కనుక, సొంత గుర్రాన్ని ఎక్కించినా అది సరుకుల వాహనమే. అయినా సరుకుతో కలిపి మొత్తం బరువు 7500 కిలోలు దాటని బండిని కారు లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. చూడవలసింది ఖాళీ బండి బరువు కాదు, ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు. ఖాళీ బండి తూకం చూసి తేలికైనదే అనుకుంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీతో పేచీ తప్పదు.

అంతకు మించిన లారీకి ట్రాన్స్‌పోర్టు లైసెన్సు కావాలి. వయసు 20 నిండాలి. కారు లైసెన్సు వచ్చి ఏడాది గడవనిదే నేర్చుకునేవాళ్లకు ఇచ్చే లైసెన్సు, అంటే ఎల్‌ఎల్‌ఆర్ కూడా ఇవ్వరు. మన కుర్రవాళ్లు ఎక్కువగా తిరిగి వచ్చేది ఇక్కడే. డాక్టరు సంతకంతో ఫారం 1ఏ, డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 చేర్చాలి. దరఖాస్తు ‘సారథి’ వెబ్‌సైటులో పెట్టాలి. గుర్రాల రథం నడిపేవాడి పేరు దానికి పెట్టారు, సంతోషం. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తరువాతే పరీక్ష. ఆరు నెలలు దాటితే ఎల్‌ఎల్‌ఆర్ చెల్లదు. పరీక్షకు అదే తరగతి వాహనం తీసుకెళ్లాలి, కారుతో పోతే వెనక్కి పంపుతారు. లైసెన్సు ఐదేళ్లకొకసారి రెన్యూవల్ చేయించుకోవాలి.

జంతువుల రవాణాకు 1978 నాటి నియమాలు వేరే ఉన్నాయి. ప్రయాణానికి గుర్రం తగి ఉందని పశువైద్యుడి సర్టిఫికెట్ కావాలి. మామూలు లారీ అయితే నేల జారకుండా ఏదైనా పరవాలి. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల మందం వెదురు కర్ర అడ్డం కట్టాలి. ఎదురొచ్చే బళ్లకు బెదరకుండా తలలు ఎడమవైపు ఉండాలి. ఈ భాగం నోటీసులో పెద్ద అక్షరాలతో వేయండి.

నోటీసు మొదటి వాక్యం ఇలా ఉండవచ్చు: “గుర్రాల లారీ నడిపేవాళ్లకు ఈ లైసెన్సు ఉండాలి.” అచ్చులో ‘నడిపే’ అందరికీ చెల్లుతుంది కనుక అలా అంటున్నాను. మీవాళ్లు ‘తోలే’ అనే కావాలంటే నేను దిద్దను. ఆ మాట అలవాటు లేనివాళ్లు కాస్త ఆగి చదువుకుంటారు, అంతే.

గుర్రాలను చూసుకునేవాణ్ణి ‘మావటి’ అని రాశారేమో చూసుకోండి, అది ఏనుగుకు చెందిన మాట. పాత తెలుగులో గుర్రాలను సాధుచేసేవాడు సాహిణి. మీ పనివాళ్లు సయీసు అంటుంటే అదే ఉంచండి.