ఇంటి లోన్ బ్యాంకు మార్చేముందు వడ్డీతో పాటు గడువూ, కాగితాలూ చూడండి

ప్రశ్న: మాది నల్గొండ. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. 2020లో ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ నుంచి లోన్ తీసుకొని పట్టణ శివారులో ఇల్లు కట్టుకున్నాం. ప్లాటు గ్రామ పంచాయతీ లేఅవుట్‌లోది, నా భార్య పేరు మీద ఉంది. ఇంకా రూ.24 లక్షల బాకీ, 15 ఏళ్ల గడువు ఉన్నాయి. వడ్డీ 9.6 శాతం, ఈఎంఐ రూ.25,206. నా జీతం పడే బ్యాంకు వాళ్లు 7.8 శాతానికి ఇస్తామంటున్నారు. 20 ఏళ్లు పెట్టుకుంటే ఈఎంఐ రూ.20 వేల లోపే వస్తుందట. మార్చుకోవచ్చా?

జవాబు: మార్చుకోండి. కానీ 20 ఏళ్లకు వద్దు, మిగిలిన 15 ఏళ్లకే మార్చుకోండి. ఈ ఒక్క మాట దగ్గరే మీకు లక్షల్లో తేడా వస్తుంది.

ఇప్పుడున్న లోన్ ఇలాగే సాగితే 180 నెలల్లో మీరు కట్టేది సుమారు రూ.45.37 లక్షలు. 7.8 శాతానికి 20 ఏళ్లు పెడితే ఈఎంఐ రూ.19,777కి దిగుతుంది. నెలకు రూ.5,400 మిగులుతున్నట్టే కనిపిస్తుంది. కానీ 240 నెలలకు మొత్తం రూ.47.46 లక్షలు కట్టాలి. అంటే వడ్డీ దాదాపు రెండు శాతం తగ్గినా మీ చేతి నుంచి రూ.2 లక్షలకు పైగా ఎక్కువ పోతుంది. అదే 15 ఏళ్లకైతే ఈఎంఐ రూ.22,659. నెలకు రూ.2,547 చొప్పున, గడువు ముగిసేసరికి సుమారు రూ.4.58 లక్షలు మిగులుతాయి.

ఇంకో మెట్టు ముందుకు వెళ్లొచ్చు. లోన్ 15 ఏళ్లకే రాయించుకొని, ఇప్పుడు కడుతున్న రూ.25,206నే కడుతూ పోండి. 149 నెలల్లో, అంటే రెండున్నరేళ్లు ముందే బాకీ తీరుతుంది. మొత్తం మిగులు రూ.7.8 లక్షల దాకా ఉంటుంది. ఈఎంఐనే పెద్దగా రాయించుకోవడం కంటే, చిన్న ఈఎంఐ పెట్టుకొని పైన రూ.2,547 విడిగా కట్టడమే నాకు నచ్చుతుంది. పిల్లల ఫీజులో, ఆసుపత్రి ఖర్చో వచ్చిన నెల ఆ అదనం ఆపుకోవచ్చు. అయితే ఆ డబ్బు అసలుకు జమ చేసి గడువు తగ్గించాలని బ్యాంకుకు రాసివ్వండి. లేదంటే అడ్వాన్స్ ఈఎంఐగా పక్కన పెడతారు, వడ్డీ తగ్గదు.

మీ వడ్డీ ఇంత ఎక్కువగా ఎందుకుందో కూడా తెలుసుకోవాలి. 2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 6.50 నుంచి 5.25 శాతానికి తగ్గించింది. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు కొత్త ఫ్లోటింగ్ (మారుతూ ఉండే వడ్డీ) ఇంటి లోన్లను రెపో లాంటి బయటి రేటుకు ముడిపెట్టాలి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ నియమం లేదు. అవి సొంత రేటు మీద నడుస్తాయి కాబట్టి తగ్గింపు పాత ఖాతాదారుల దాకా ఆలస్యంగా వస్తుంది, పూర్తిగా రాకపోవచ్చు కూడా. కొత్త బ్యాంకు మంజూరు పత్రంలో రెపో మీద ఎంత కలిపారో చూడండి. 7.8 అంటే 5.25 మీద 2.55 కలిపినట్టు. రేపు రెపో పెరిగితే మీ వడ్డీ కూడా అంతే వేగంగా పెరుగుతుందన్నది మరవొద్దు.

బ్యాంకుకు దరఖాస్తు పెట్టేముందు ఇప్పుడున్న కంపెనీకి ఒక మెయిల్ పంపండి. ‘నాకు 7.8 శాతానికి ఆఫర్ ఉంది, మీరు ఎంతకు తగ్గిస్తారు, కన్వర్షన్ ఫీజు (వడ్డీ తగ్గించేందుకు తీసుకునే రుసుము) ఎంత’ అని రాతలో అడగండి. వాళ్లు 8.4 శాతానికి దిగి, బాకీ మీద అర శాతం ఫీజు అడిగారనుకుందాం. జీఎస్టీతో రూ.14,160 అవుతుంది, ఈఎంఐ రూ.23,493. బ్యాంకు ఈఎంఐతో పోల్చితే నెలకు రూ.834 ఎక్కువే. కాబట్టి కాగితాలు శుభ్రంగా ఉంటే బ్యాంకే మేలు. కాగితాల్లో చిక్కు ఉంటే మాత్రం ఈ 8.4నే పట్టుకోండి.

ఆ చిక్కు మీ లేఅవుట్ దగ్గరే రావచ్చు. నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల చుట్టూ పంచాయతీ లేఅవుట్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు చాలామంది. పంచాయతీ అనుమతి చూసి ఫైనాన్స్ కంపెనీ లోన్ ఇచ్చేస్తుంది, ఆ రిస్కుకే ఎక్కువ వడ్డీ వేస్తుంది. బ్యాంకు ప్యానెల్ న్యాయవాది మాత్రం డీటీసీపీ (పట్టణ ప్రణాళికా శాఖ) అనుమతో, ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) ప్రొసీడింగ్స్, అంటే మంజూరు ఉత్తర్వు, కాపీనో అడుగుతారు. 2020లో రూ.1,000 కట్టి ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తు పెట్టి వదిలేసినవాళ్లున్నారు. ఆ రసీదు ప్రొసీడింగ్స్ కాదు, దానితో పని జరగదు. ఇంకోటి, ప్లానులో ఉన్నదానికీ కట్టినదానికీ పొంతన. వాల్యుయర్ వచ్చి కొలుస్తారు. గ్రౌండ్ ఫ్లోర్‌కు అనుమతి తీసుకొని పైన రెండు గదులు వేసి ఉంటే ఆ భాగం విలువ లెక్కలోకి రాదు, కొన్నిసార్లు ఫైలే ఆగిపోతుంది. అందుకే ప్రాసెసింగ్ ఫీజు కట్టకముందే సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ఇంటి అనుమతి, ప్లాను, ఇంటి పన్ను రసీదు, తాజా ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) నకళ్లు పట్టుకెళ్లి లీగల్ అభిప్రాయం అడగండి. ఫీజు కట్టాక ఫైలు తిరస్కరిస్తే ఆ డబ్బు సాధారణంగా వెనక్కి రాదు.

ఖర్చుల సంగతి. మీది ఫ్లోటింగ్ వడ్డీ అయితే ముందుగా తీర్చినందుకు పాత కంపెనీ ఒక్క రూపాయి జరిమానా వేయకూడదు, వ్యక్తులు తీసుకున్న ఇంటి లోన్‌కు అది నిబంధన. ఫిక్సెడ్ అయితే, వేరే చోట లోన్ తెచ్చి తీర్చినప్పుడు రుసుము పడొచ్చు. అగ్రిమెంట్ తీసి చూడండి. కొత్త బ్యాంకులో ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్, పత్రాల తనఖా రిజిస్ట్రేషన్ ఉంటాయి. తనఖాకు అర శాతం స్టాంపు డ్యూటీ, 0.1 శాతం ఫీజు లెక్కన రూ.14,400 వేసుకోండి. అన్నీ కలిపి రూ.35 వేలు అనుకున్నా 14 నెలల్లో తిరిగొస్తుంది.

మార్పిడి జరిగే నెలలో తప్పులు ఎక్కువ. పాత కంపెనీ నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ (లోన్ మూయడానికి ఎంత కట్టాలో చెప్పే ఉత్తరం), వాళ్ల దగ్గరున్న పత్రాల జాబితా, లోన్ స్టేట్‌మెంట్ తీసుకోవాలి. ఫోర్‌క్లోజర్ లెటర్‌లో మొత్తంతో పాటు చెల్లుబాటు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటి చెక్కు అందితే రోజువారీ వడ్డీ అదనంగా పడి కొన్ని వేలు తక్కువ అవుతుంది, ఖాతా మూతపడదు. కాబట్టి ఆ లెటర్ ముందుగా తేకండి, బ్యాంకు చెక్కు సిద్ధమయ్యే వారంలో తీసుకోండి. ఖాతా మూసినట్టు రాతలో వచ్చేదాకా పాత ఈఎంఐ ఆపొద్దు. ఒక్కటి తప్పినా సిబిల్‌లో పడుతుంది. మూశాక ఆటో డెబిట్ రద్దు చేయించండి.

అసలు పత్రాలు సాధారణంగా నల్గొండ బ్రాంచిలో ఉండవు. బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో కంపెనీ వాటిని ఇవ్వాలి. 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 పరిహారం చెల్లించాలి. మీ లోన్ నడిచిన బ్రాంచిలోనే తీసుకుంటానని అడిగే హక్కు మీకుంది. ఇల్లు మీ భార్య పేరు మీద ఉంది కాబట్టి ఆమె సంతకం లేకుండా ఏ పనీ కదలదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఇద్దరూ వెళ్లాలి.

కొత్త బ్యాంకు వాళ్లు టాప్‌అప్, అంటే బాకీకి పైన అదనపు లోన్, ఇస్తామంటారు. ఇంటి మరమ్మతు లాంటి తప్పనిసరి అవసరం ఉంటే తప్ప తీసుకోవద్దు. పాత లోన్‌తో కట్టిన ఇన్సూరెన్స్ పాలసీ దానంతటది కొత్త బ్యాంకుకు మారదు. సరెండర్ చేస్తే ఎంతొస్తుందో కనుక్కోండి, మీ పేరున బాకీకి సరిపడా టర్మ్ పాలసీ వచ్చేదాకా దాన్ని తీసేయొద్దు. కొత్త బ్యాంకు లోన్‌లో కలిపి ఇచ్చే సింగిల్ ప్రీమియం పాలసీ తప్పనిసరి కాదు. దాని మీద కూడా 15 ఏళ్లు వడ్డీ కడతారు.

అన్నీ అయ్యాక చాలామంది వదిలేసే పని ఒకటుంది. 2020 నాటి తనఖా రిజిస్టర్ అయి ఉంటే, పాత కంపెనీ చేత విడుదల పత్రం కూడా సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. సెర్సాయ్‌లో (తనఖాల కేంద్ర రిజిస్టర్‌లో) కూడా వాళ్ల చార్జి తీసేయించాలి. నెల తర్వాత ఈసీ తీయండి. అందులో పాత తనఖా విడుదల, కొత్త బ్యాంకు తనఖా రెండూ ఎక్కి ఉండాలి. పాతది విడుదలైనట్టు కనిపించకపోతే ఆ నకలు పట్టుకొని వెంటనే పాత కంపెనీకి ఫిర్యాదు రాయండి.