పెద్దమనిషి కావడం వేరు, పెద్దరికం రావడం వేరు
షరియత్, చట్టం: బెంగళూరు పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది హిందూపురం వైపు పల్లె. పదేళ్లుగా యలహంకలో ఉంటున్నాం. అమ్మాయికి పదహారున్నర, పీయూసీ మొదటి సంవత్సరం. మా చెల్లెలు తన కొడుక్కి అడుగుతోంది. అబ్బాయికి 24. "పిల్ల పెద్దమనిషైంది, షరియత్‌లో అడ్డేమీ లేదు. ఇప్పుడు నికా చదివించేసి, రుఖ్సతీ రెండేళ్ల తర్వాత పెట్టుకుందాం" అంటున్నారు మావాళ్లు. బెంగళూరులో కుదరకపోతే ఊళ్లో చేద్దామంటున్నారు. చేయవచ్చా?
ఒక తండ్రి, యలహంక

జవాబు: చేయకండి. "నికా మాత్రమే కదా" అన్న మాట దగ్గరే అసలు పొరపాటుంది. ఇద్దరు సాక్షుల ముందు ఇజాబ్ (ప్రతిపాదన), ఖుబూల్ (అంగీకారం) పూర్తయిన క్షణానే పెళ్లి అయిపోయినట్టు. రుఖ్సతీ అంటే పిల్లను అత్తింటికి పంపడం, అంతే. చట్టమూ నికా తేదీనే చూస్తుంది. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. చాలా రాష్ట్రాల్లో మైనరు పెళ్లి రద్దు చేసుకోదగినది మాత్రమే. కర్ణాటక సవరణ ఇంకో అడుగు ముందుకేసి, ఇక్కడ అలాంటి పెళ్లి మొదటినుంచే చెల్లదంది.

ఊళ్లో చేస్తే తప్పించుకోలేరు. ఆంధ్రలోనూ అది నేరమే. 18 దాటిన మగవాడు మైనరును చేసుకుంటే రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చదివించిన ఖాజీకీ, దగ్గరుండి జరిపించిన తల్లిదండ్రులకూ శిక్ష దాదాపు అంతే (పెళ్లికి ఒప్పుకొని జరిపించిన తల్లికి జైలు లేదు, జరిమానా ఉంటుంది). కేసు నాన్ బెయిలబుల్. రెండేళ్లు ఆగకుండా కాపురానికి పంపితే సంగతి మరీ ముదురుతుంది. 18 నిండని భార్యతో కలయిక కూడా అత్యాచారమేనని 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పైన పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ఉండనే ఉంది. అంటే మీ మేనల్లుడినే మీరు కోర్టు బోనులో నిలబెట్టినట్టు.

"మనకు పర్సనల్ లా ఉంది కదా" అని ఎవరో ఒకరు అంటారు. బాల్య వివాహాల నిషేధ చట్టం ముస్లింలకూ వర్తిస్తుందని కర్ణాటక హైకోర్టు 2013లో, మద్రాసు హైకోర్టు 2015లో చెప్పాయి. పంజాబ్, హర్యానా హైకోర్టు 2022లో వేరేగా, పదహారేళ్ల ముస్లిం అమ్మాయి పెళ్లి చెల్లుతుందని చెప్పింది. ఆ తీర్పును ఉదాహరణగా తీసుకోవద్దని 2023 జనవరిలో సుప్రీంకోర్టు అంది. 2025 ఆగస్టులో ఆ తీర్పుపై వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో "పదహారుకు సుప్రీంకోర్టు ఒప్పుకుంది" అని వాట్సాప్‌లో తిప్పారు. కోర్టు అన్నది అది కాదు. సవాలు చేసే అర్హత పిల్లల హక్కుల కమిషన్‌కు లేదని మాత్రమే అంది. పర్సనల్ లా, ఈ చట్టం, వీటిలో ఏది పైచేయి అన్న ప్రశ్నను 2024 అక్టోబరు తీర్పులోనూ అది తేల్చకుండానే వదిలింది. యలహంకలో ఉన్నవారికి కర్ణాటక హైకోర్టు మాటే లెక్క.

ఇక షరియత్ సంగతి. పెద్దమనిషి కావడం అంటే బులూగ్. శరీరంలో గుర్తులు కనబడకపోతే 15 ఏళ్లకు బులూగ్ వచ్చినట్టు లెక్కగడతారు. హనఫీ మజ్హబ్‌లో (ఇమాం అబూ హనీఫా పేరు మీద వచ్చిన ధర్మశాస్త్ర పద్ధతిలో) ఫత్వా నడిచేది దీనిమీదే. అవి చాంద్ర సంవత్సరాలు, మన క్యాలెండరులో దాదాపు 14 ఏళ్ల ఆరున్నర నెలలు. ఇమాం అబూ హనీఫా మాత్రం అబ్బాయికి 18, అమ్మాయికి 17 అన్నారు. హనఫీలమని చెప్పుకునే మన ఇళ్లలో ఆ సంగతి గుర్తుండేవాళ్లు తక్కువ.

బులూగ్ తర్వాత రుష్ద్ ఉంది. అంటే మంచిచెడ్డలు, లాభనష్టాలు తెలిసే వివేకం. సూరా నిసా ఆరో ఆయత్ అనాథల గురించి చెబుతూ, నికా వయసు వచ్చేదాకా వాళ్లను పరీక్షిస్తూ ఉండండి, రుష్ద్ కనబడితే అప్పుడు వాళ్ల ఆస్తి అప్పగించండి, సాక్షుల్ని పెట్టుకోండి అంటుంది. వివేకం కనబడకపోతే 25 ఏళ్లదాకా ఆస్తి చేతికివ్వొద్దన్నది అబూ హనీఫా అభిప్రాయం. ఈ ఆయత్‌ను చూపించి నేటి పండితులు చాలామంది ఒక సూటి ప్రశ్న అడుగుతున్నారు. తాత వదిలిపోయిన రెండెకరాలు చేతికివ్వడానికే వివేకం చూడమన్నారే, జీవితకాలపు ఒప్పందానికి చూడక్కర్లేదా?

పదిహేనుకు చేయవచ్చు అన్నవాళ్లు కూడా చేసి తీరాలి అనలేదు. అది అనుమతి, ఫర్జ్ (తప్పనిసరి విధి) కాదు. అనుమతించిన పనికి జనహితం కోసం పాలకుడు హద్దు పెట్టవచ్చన్నది ఫిఖ్ (ఇస్లామీయ ధర్మశాస్త్రం)లో పాత సూత్రమే. మైనర్లకు పెళ్లే చేయకూడదని ఫకీహు (ధర్మశాస్త్ర పండితుడు) ఇబ్న్ షుబ్రుమా వెయ్యేళ్ల కంటే ముందే అన్నాడు. చాలామంది ఫకీహులు ఆయనతో ఏకీభవించలేదు. అయినా హనఫీ రాజ్యమైన ఒట్టోమన్ (తుర్కీ) ప్రభుత్వం 1917 కుటుంబ చట్టంలో అబ్బాయికి 18, అమ్మాయికి 17 పెట్టి, మరీ చిన్నపిల్లల పెళ్లిని పూర్తిగా ఆపింది. మొరాకో 2004లో ఇద్దరికీ 18 చేసింది (జడ్జి అనుమతితో మినహాయింపులున్నాయి). ఇండోనేషియా 2019లో ఇద్దరికీ 19 చేసింది. వాళ్లెవరూ ఇస్లాం వదిలేసి ఈ పని చేయలేదు.

మీ చెల్లెలికి చెప్పాల్సిన మాట ఒకటే: పిల్ల చదువు కానివ్వండి, 18 నిండాక దాన్నే అడుగుదాం. మంగ్నీ (నిశ్చితార్థం) కూడా ఇప్పుడు వద్దు. షరియత్‌లో మంగ్నీ కట్టిపడేసే ఒప్పందం కాదు. కానీ నలుగురిలో మాట పడ్డాక వెనక్కి తీసుకోవడం ఆడపిల్లవారికే కష్టం.

ప్రశ్న: నాన్న లేరు. నాకు 14 ఏళ్లప్పుడు పెద్దనాన్న మదనపల్లె వైపు మా ఊళ్లో నికా చేశారు. నేను అత్తింటికి వెళ్లనే లేదు. ఇప్పుడు బెంగళూరులో హాస్టల్‌లో ఉండి బీకాం చదువుతున్నాను. నాకు 19 ఏళ్ల నాలుగు నెలలు. ఆ పెళ్లి నాకొద్దు. దారి ఉందా?
ఒక విద్యార్థిని, హెచ్‌బీఆర్ లేఅవుట్

జవాబు: ఉందమ్మా. కానీ మీకు మిగిలింది ఎనిమిది నెలలే. ఈ వారమే కదలండి.

మైనరుగా ఉన్నప్పుడు వలీ (పెళ్లి జరిపించే సంరక్షకుడు) చేసిన పెళ్లిని పెద్దయ్యాక కాదనే హక్కును ఫిఖ్‌లో ఖియారుల్ బులూగ్ అంటారు. పాత హనఫీ పద్ధతిలో తండ్రి, తాత చేసిన పెళ్లికి ఈ హక్కు దాదాపు లేదు. పెద్దనాన్న, మామ వంటివాళ్లు చేస్తే ఉంది. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం దీన్ని విస్తరించి, తండ్రి చేసినా సరే 15 లోపు జరిగిన పెళ్లిని, కాపురం జరగకపోతే, 18 నిండేలోపు అమ్మాయి తిరస్కరించవచ్చంది. మీకు ఆ గడువు దాటిపోయింది. చాలామంది వకీళ్లు ఇక్కడే ఆగిపోయి "ఇక ఖులా (భార్య కోరి తీసుకునే విడాకులు) ఒక్కటే" అంటారు. అలా ఆగనక్కర్లేదు.

2006 చట్టం మూడో సెక్షన్ ప్రకారం, పెళ్లినాటికి మైనరైన వ్యక్తి మేజరైన రెండేళ్లలోపు, అంటే మీరు మీ 20వ పుట్టినరోజులోపు, రద్దు కోరుతూ పిటిషన్ వేయవచ్చు. మదనపల్లె వెళ్లక్కర్లేదు. మీరిప్పుడు ఉంటున్న చోటి ఫ్యామిలీ కోర్టుకే అధికారం ఉంది. పదో తరగతి సర్టిఫికెట్, జనన ధ్రువపత్రం, నికానామా (పెళ్లి పత్రం) నకలు, నికానాటి ఫొటోలు, హాస్టల్ చిరునామా రుజువు సిద్ధం చేసుకోండి. నికానామా పెద్దనాన్న దగ్గరే ఉండిపోతే, చదివించిన ఖాజీ రిజిస్టరులో నకలు ఉంటుంది. అదీ దొరక్కపోతే సాక్షుల పేర్లు రాసి పెట్టండి. కాగితం లేదని గడువు దాటనివ్వద్దు. రద్దు సమయంలో ఇరువైపులా తీసుకున్న డబ్బు, నగలు, కానుకలు తిరిగి ఇవ్వమని కోర్టు ఆదేశిస్తుంది. తీసుకున్నవాటి జాబితా ఇప్పుడే రాసుకోండి. ఇంట్లోవాళ్లు బలవంతంగా పంపే ప్రయత్నం చేస్తే 112కు గానీ, మహిళా హెల్ప్‌లైన్ 181కు గానీ ఫోను చేయండి.

ప్రశ్న: మా అబ్బాయికి 20, డెలివరీ పని. అమ్మాయికి 19, ఇష్టపడ్డారు. అమ్మాయి మేజరే కదా, నికా చేసేయవచ్చా? మెహర్ ఎంత పెట్టాలి?
ఒక తల్లి, కె.ఆర్. పురం

జవాబు: అబ్బాయికి 21 నిండేదాకా ఆగండమ్మా. మేజరైన అమ్మాయిని చేసుకున్నందుకు 18-21 మధ్య అబ్బాయిని శిక్షించరాదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కానీ పెళ్లి చెల్లకపోవడం, పెద్దల మీద కేసు పడే ప్రమాదం ఉండనే ఉన్నాయి.

ఆగే ఈ ఏడాదిని వృథా పోనివ్వకండి. స్తోమత ఉన్నవాడు పెళ్లి చేసుకోవాలి, లేనివాడు ఉపవాసం ఉండాలి అని యువకులకు చెప్పిన ప్రసిద్ధ హదీసు ఉంది. తిండి, బట్ట, ఇల్లు భర్త బాధ్యత. భార్య జీతం తెచ్చినా ఆ బాధ్యత తగ్గదు. బండి ఈఎంఐ, పెట్రోలు, ఇంటి అద్దె, అడ్వాన్సు తీసేశాక మీవాడి చేతిలో నెలకు ఎంత మిగులుతోందో ఆర్నెల్లపాటు కాగితం మీద రాయించండి. బెంగళూరులో అద్దె ఇంటి అడ్వాన్సు దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

మెహర్ (వరుడు వధువుకు ఇచ్చే సొమ్ము)కు హనఫీలో కనీసం 10 దిర్హములు, సుమారు 30.6 గ్రాముల వెండి. మెహరె ఫాతిమీ (ప్రవక్త కుమార్తె ఫాతిమా పేరు మీద వాడుకలో ఉన్న మెహర్) 500 దిర్హములు, సుమారు 1.53 కిలోల వెండి. అబ్బాయి నిజంగా ఇవ్వగలిగింది పెట్టండి. ముఅజ్జల్ అంటే వెంటనే ఇచ్చేది, మువజ్జల్ అంటే తర్వాత ఇచ్చేది. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి. గొడవలు అక్కడే పుడతాయి. కాబట్టి నికానామాలో "ఇప్పుడే ఇచ్చినది ఇంత, బాకీ ఇంత" అని వాడుక మాటల్లో రాయించండి.

ప్రశ్న: అమ్మాయి వయసు 21 చేశారంటున్నారు, నిజమేనా?
ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: లేదు. 2021లో బిల్లు పెట్టారు. 2024లో లోక్‌సభ రద్దవడంతో అదీ పోయింది. ఇప్పటికీ 18 ఏళ్లే.

ప్రశ్న: మా మసీదులో నెలకు ఐదారు నికాలు జరుగుతాయి. వయసు, సమ్మతి విషయంలో ఏమేం చూసుకోవాలి?
కమిటీ సభ్యుడు, టానరీ రోడ్

జవాబు: వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు మనవాళ్లు. ఆ వెయ్యిలో వయసు అబద్ధం ఉండకూడదు.

ముందుగా లెక్క. తెలుగువాళ్లు "పద్దెనిమిదో ఏడు వచ్చింది" అంటే 17 నిండాయని అర్థం. హిజ్రీ (చాంద్రమాన) లెక్కలో 18 అంటే ఇంగ్లీషు లెక్కలో సుమారు 17 ఏళ్ల ఐదున్నర నెలలే. నోటిమాట వదిలేసి పుట్టిన తేదీ చూడండి. ఆధార్ గుర్తింపుకే గానీ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. స్కూలు లేదా ఎస్సెస్సెల్సీ సర్టిఫికెట్ అడగండి. అది లేకపోతే కార్పొరేషన్ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష మాట వస్తుంది. అందులో రెండేళ్లు అటూ ఇటూ కావచ్చు కాబట్టి దాన్ని నమ్ముకుని నికా పెట్టుకోవద్దు. స్కూల్లో చేర్చడానికి వయసు ఎక్కువ వేయించామనో, తక్కువ వేయించామనో వచ్చే కథలు వినకండి. కాగితంలో ఉన్నదే లెక్క. అసలు చూసి, నకలు మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు సంతకాలు పెట్టించుకుని ఫైల్లో ఉంచండి. ఈ పని నికా రోజున కాదు, హాలు బుక్ చేసే రోజునే చేయండి. పందిరి వేశాక వద్దనే ధైర్యం ఎవరికీ ఉండదు.

సమ్మతి ఇంకా సున్నితం. వకీల్ (లాయరు కాదు, పిల్ల తరఫు ప్రతినిధి), ఇద్దరు గవాహ్‌లు (సాక్షులు) లోపలి గదికి వెళ్లి అడిగే పద్ధతి మనకుంది. ఆ గదిలో ముప్పైమంది ఆడవాళ్లుంటారు. ఎవరో "ఊఁ" అంటారు. వకీలేమో పిల్ల మేనమామే. అలా కాకుండా గది ఖాళీ చేయించి, పిల్లకు నచ్చిన ఒక్క ఆడమనిషిని ఉంచి అడగండి. కన్య మౌనం సమ్మతి అన్న హదీసు సిగ్గుపడే పిల్ల గురించి, భయపడే పిల్ల గురించి కాదు. తండ్రి ఇష్టంలేని పెళ్లి చేశాడని ఖన్సా బిన్త్ ఖిదాం అనే మహిళ వచ్చి చెబితే ప్రవక్త ఆ నికాను రద్దు చేశారు. వరుడి పేరు, మెహర్ మొత్తం పిల్ల నోటితో చెప్పించండి. సంతకం ఖుత్బా (నికా ప్రసంగం)కు ముందే తీసుకోండి.

హనఫీ ప్రకారం వయసొచ్చిన స్త్రీ తానే నికా చేసుకోవచ్చు. షాఫయీ మజ్హబ్‌లో వలీ తప్పనిసరి. మీ దగ్గరికి భట్కల్, మలబారు, తమిళ కుటుంబాలూ వస్తుంటాయి కాబట్టి ఎవరిది ఏ మజ్హబో ముందే అడిగి రాసుకోండి. మైనరు నికా జరగబోతోందని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు గానీ, స్త్రీ శిశు అభివృద్ధి శాఖ అధికారి సీడీపీవోకు గానీ చెప్పండి. కోర్టు ఇంజంక్షన్ ఇచ్చాక చదివించిన నికా ఏ రాష్ట్రంలోనూ చెల్లదు.