పన్నెండు సీసం పరమాణువుల గూడు: ఒక యువ రచయితకు లేఖ

పర్లాకిమిడి

తల్లీ, ఆశీస్సులు.

బరంపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. పన్నెండు సీసం పరమాణువులు నడుమ ఒక ప్లాటినాన్ని పెట్టుకుని రెండు రుణావేశాల అయాన్‌గా నిలుస్తాయి. దాని గురించి తెలుగులో రాయాలన్న నీ పట్టుదల నాకెంతో నచ్చింది. కానీ మొదటి పేజీ అంతా ‘అద్భుతం’, ‘దివ్యం’తోనే సరిపోయింది. అవి కొట్టెయ్యి. ఇరవై త్రిభుజాలు, పన్నెండు మూలలు, ముప్పై అంచులు అని చెప్పు. ఏ మూలను పైకి తిప్పినా ఒకేలా ఉంటుందని చదివేవాళ్లే పట్టుకుంటారు.

తయారీని మాత్రం రెండు వాక్యాల్లో దాటేశావు. అసలు కథ అక్కడే ఉంది. పొటాషియం, సీసం కలిపి కరిగిస్తే తొమ్మిదేసి సీసం పరమాణువుల గూళ్లున్న పదార్థం వస్తుంది. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఐక్‌హార్న్ బృందం దాన్ని ఇథిలీన్‌డైఅమీన్ అనే ద్రావకంలో కరిగించి, టోలుయిన్ అనే మరో ద్రావకంలో ఉన్న ప్లాటినం సమ్మేళనంతో కలిపింది. ఫలితాన్ని 2004లో ప్రకటించింది. గాలి, తడి తగిలితే అంతా పాడే, అందుకే గ్లవ్‌బాక్సులో, అంటే గాలి చొరని పెట్టెలో, పని. ఇక అందులో వాడే క్రిప్టాండ్, పంజరం లాంటి సేంద్రియ అణువు. పనసతొన గింజను కప్పినట్టు అది పొటాషియం అయాన్‌ను చుట్టేస్తుంది. లేకపోతే ఆ పొటాషియం గూటిని చేరి ఎలక్ట్రాన్లను వెనక్కి లాగేస్తుంది. క్రిప్టాండ్లు తయారుచేసిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లేన్‌కు 1987 రసాయన నోబెల్‌లో వాటా దక్కింది. ఇదంతా నీ వ్యాసంలో ఉండాలి. తొమ్మిది పన్నెండు ఎలా అయిందని పాఠకుడు అడుగుతాడు, ఆ ప్రశ్న వాడికంటే ముందు నువ్వే వెయ్యి.

ఆకారం ఇదేనని ఎలా తెలిసిందో కూడా రాయలేదు. స్ఫటికం మీద ఎక్స్-కిరణాలు పరమాణువుల చోట్లు చూపించాయి. ద్రావణంలో సీసం ఎన్ఎమ్ఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాలిచ్చే సంకేతాలను చదివే పద్ధతి) తీస్తే ఒక్కటే సంకేతం వచ్చింది, పక్కన ప్లాటినం వల్ల పుట్టిన చిన్న శిఖరాలతో. పన్నెండు సీసం పరమాణువుల్లో ఒక్కటి వేరుగా ఉన్నా, అవి చకచకా చోట్లు మార్చుకోకుండా ఉంటే, రెండో సంకేతం కనబడేది. స్ఫటికం, ద్రావణం ఒకే మాట చెబుతుంటే సౌష్ఠవానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది చెప్పు? నీ వ్యాసానికి ఇదే గుండెకాయ, దీనికి ఒక పేరా మొత్తం ఇవ్వు.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ ‘గావించబడినది’ అని చదవడం నాకు కష్టంగా ఉంది. ‘చేశారు’ అను.

ఆర్సెనిక్, దాని చుట్టూ పన్నెండు నికెల్‌లు, వాటి పైన ఇరవై ఆర్సెనిక్‌లు ఉన్న 2003 నాటి అయాన్‌ను ఇందులో ఇరికించకు. అది ఇంకో వ్యాసం. ఈలోగా మన సీసం గూటిని కట్టి ఉంచే ఎలక్ట్రాన్ల లెక్క నువ్వే వేసి చూడు: సీసానికి రెండు చొప్పున ఇరవై నాలుగు, ఆవేశం నుంచి రెండు, మొత్తం ఇరవై ఆరు, అంటే పదమూడు జతలు. పన్నెండు బోరాన్‌ల గూటికి కూడా పదమూడే ఎందుకొచ్చాయో రాసి పంపు.